ఊదకూ ఇంటిపేరుంది

నెల్లూరు

పిల్లకాయలూ,

మీ ఉత్తరం అందింది. కలుపు తీసేవాళ్లు ఊద పీకి గట్టున పారేస్తుంటే, “అమ్మ కొట్లో ఊదలు కొనుక్కొచ్చి ఉప్మా చేస్తుందే, అవీ ఇవీ ఒకటేనా?” అని అడిగారు. ఒకటి కావు, కానీ ఒకే ఇంటివి.

మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. మొక్కలకూ అంతే. 1753లో స్వీడన్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తనకు తెలిసిన మొక్కలన్నిటికీ ఇలా రెండేసి పేర్లు రాసిపెట్టాడు. వరి ఒరైజా సటైవా. ఒరైజా ఇంటిపేరు, సటైవా అంటే విత్తి పండించేది. కొట్లో ఊదలు ఎకైనోక్లోవా ఫ్రుమెంటేసియా. మడిలో మొలిచే కలుపు ఎకైనోక్లోవా కొలోనా, దాని పక్కనే కోడికాలు అని అర్థమొచ్చే క్రస్-గల్లి. కొలోనా గింజల్నే మన పాతకాలపు రైతులు తరతరాలుగా ఏరి విత్తుకుంటూ వస్తే ఫ్రుమెంటేసియా అయింది. సాగు ఊద కోతదాకా గింజను కంకిలోనే పట్టుకుంటుంది. కలుపు ఊద వరి కోతకు ముందే రాల్చేస్తుంది. అందుకే కంకి వేశాక పీకితే లాభం తక్కువ, వచ్చే పంటకు విత్తనం మడిలో పడిపోయినట్టే. తడి గట్టున పారేసినా కణుపుల్లో వేర్లు పోసి మళ్లీ లేస్తుంది.

వరి, ఊద, కొర్ర, జొన్న, చెరకు, ఆఖరికి వెదురు, అన్నిటిదీ పోయేసీ అనే గడ్డి గోత్రం. ఇంటిపేరు ఒకటైతే మనం పెళ్లి చేసుకోం గానీ గడ్డికి ఆ పట్టింపు లేదు. కుంటల అంచున మొలిచే అడవి వరి ఒరైజా నివారా. 1965లో శర్మ, శాస్త్రి అనే మన శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. మంత్రపుష్పంలో అయ్యవారు “నీవారశూకవత్” అంటారే, ఆ నీవారమే. శూకమంటే వడ్ల కొస ముల్లు. వరిని పట్టే సుడిదోమ మోసుకొచ్చే ఒక వైరస్ తగిలి వరి గడ్డిదుబ్బులా గిడసబారిపోతుంటే, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఆరువేలకు పైగా రకాలు పరీక్షించారు. తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక్క నివారా. దాన్ని వరితో సంకరం చేసి కొత్త వంగడాలు తీశారు. కుంట గట్టున ఎవరూ పట్టించుకోని గడ్డి!

రేపు పొద్దున్నే మడికి పోండి. ఆకు కాడను చుట్టుకున్న చోట ఆకును మెల్లగా వెనక్కి వంచండి. వరికి అక్కడ తెల్లని, పల్చని నాలుక రెండుగా చీలి ఉంటుంది, అటూ ఇటూ నూగు చెవులు. ఊదకు నాలుకా లేదు, చెవులూ లేవు. లేత మొక్కల్నే చూడండి, ముదిరితే వరి చెవులు రాలిపోతాయి.

నాలుక లేనిదాన్నే పీకండి. ఉన్నదాన్ని పీకితే మీ నాయన ఊరుకోడు.

ఇట్లు,
మీ తాత