జెపర్డీలో జవాబుల తగువు: మలుపు 2004లోనే ఉంది

జెపర్డీ చూసేవాళ్ల మధ్య పాత తగువే మళ్లీ రాజుకుంది. పోటీదారుకు జవాబు తెలుసు, నోరు తెరిచి చెప్పారు కూడా. చెప్పిన తీరు కుదరలేదని డబ్బు కోసేశారు. ఇదేం న్యాయం అని కొందరు, నియమం ముందే చెప్పారుగా అని కొందరు.

ఈ అమెరికన్ క్విజ్‌లో హోస్ట్ ప్రశ్న అడగరు, ఒక ఆధారం చదువుతారు. పోటీదారు దానికి ప్రశ్న రూపంలో బదులివ్వాలి. ఈ షోను సృష్టించిన మెర్వ్ గ్రిఫిన్‌కు ఈ ఆలోచన ఎలా వచ్చింది, విమానంలో ఆయన భార్య ఏమంది, 1964లో ఎన్‌బీసీ టీవీలో ఎలా మొదలైంది అన్న కథ ఈ షో మీద రాసే ప్రతివాళ్లూ చెప్పేదే. ఇప్పటి గొడవకు దానితో పెద్దగా పని లేదు.

పనికొచ్చేది నియమం. అది జనం అనుకునేంత కఠినమైనది కాదు. బదులు ప్రశ్నగా ఉండాలి, అంతే. వ్యాకరణం సరిగ్గా ఉండాలని ఎక్కడా లేదు. మనిషి గురించి అడిగినప్పుడు ‘హూ’ బదులు ‘వాట్’ అన్నా చెల్లుతుంది. ‘ఈజ్ ఇట్’ అని మొదలుపెట్టినా చెల్లుతుంది. 2021లో మ్యాట్ అమోడియో మనుషులకూ ఊళ్లకూ పుస్తకాలకూ తేడా లేకుండా ‘వాట్స్’ అనే మాటతోనే నెట్టుకొచ్చి 38 ఆటలు గెలిచారు, 15,18,601 డాలర్లు పట్టుకెళ్లారు. వినడానికి చిరాగ్గా ఉందని ప్రేక్షకులు విసుక్కున్నారు. న్యాయనిర్ణేతలకు అందులో తప్పేమీ కనిపించలేదు, ఎందుకంటే తప్పు లేదు.

కఠినత్వం వచ్చేది రౌండ్‌ను బట్టి. మొదటి రౌండ్‌లో ప్రశ్న రూపం మర్చిపోతే హోస్ట్ గుర్తుచేసి వదిలేస్తారు, డబ్బు పోదు. రెండో రౌండ్‌లో, అలాగే మొదటి రౌండ్‌లోనే వచ్చే డెయిలీ డబుల్‌లో (పోటీదారు పందెం కాసి ఆడే ఆధారంలో), ఆ గుర్తుచేయడం ఉండదు. తీర్పు వచ్చేలోగా పోటీదారే సర్దుకుని ప్రశ్నగా చెప్పాలి, లేకపోతే తప్పు కిందే లెక్క. చివరి రౌండ్‌లో బదులు రాతలో ఇవ్వాలి. అక్కడ ‘హూ’తోనో ‘వాట్’తోనో మొదలయ్యే ముక్కను ప్రకటనల విరామంలో ముందే రాసిపెట్టుకోనిస్తారు. కాబట్టి అత్యంత టెన్షన్ ఉండే ఆ 30 సెకన్లలో ప్రశ్న రూపం వల్ల మునిగిపోయేవాళ్లు దాదాపు ఉండరు. అక్కడ ముంచేది వేరే ఉంది: పేరు ఎంతవరకు రాశారు, ఎలా రాశారు అన్నది.

ఇక్కడే 2004 జూన్ 2న ప్రసారమైన ఎపిసోడ్‌కు రావాలి. నా ఉద్దేశంలో ఈ రోజు నడుస్తున్న వాదనంతా అక్కడి నుంచే వచ్చింది.

కెన్ జెన్నింగ్స్‌కు అది మొదటి ఆట. చివరి రౌండ్‌కు వచ్చేసరికి ఆయన దగ్గర 20,000 డాలర్లు ఉన్నాయి, 17,201 పందెం కాశారు. ఒకే ఒలింపిక్స్‌లో ఐదు వేర్వేరు అథ్లెటిక్స్ ఈవెంట్లలో పతకాలు గెలిచిన తొలి మహిళ ఎవరన్నది ఆధారం. ఆశించిన పేరు మేరియన్ జోన్స్. జెన్నింగ్స్ తెర మీద రాసింది ‘హూ ఈజ్ జోన్స్?’ అని మాత్రమే. ఇంటిపేరు ఒక్కటే. అదీ అమెరికాలో వీధికొకరికి ఉండే ఇంటిపేరు.

ఇలాంటిది నోటి మాటగా వచ్చి ఉంటే హోస్ట్ ‘ఇంకాస్త స్పష్టంగా చెప్పండి’ అని అడగొచ్చు. చివరి రౌండ్‌లో ఆ వీలు లేదు. రాసేశాక రాసిందే. న్యాయనిర్ణేతలు అక్కడికక్కడే అవునో కాదో తేల్చాలి. అవునన్నారు. హోస్ట్ అలెక్స్ ట్రెబెక్ ఆ తీర్పు చెబుతూ, మహిళా అథ్లెట్లలో ఆ పేరున్నవాళ్లు అంతమంది లేరు కదా అన్న అర్థంలో ఒక మాట కలిపారు. జెన్నింగ్స్ 37,201 డాలర్లతో గెలిచారు. కాదని ఉంటే 2,799 డాలర్లతో మూడో స్థానంలో ఇంటికెళ్లేవారు.

వెళ్లలేదు. వరసగా 74 ఆటలు గెలిచి 25,20,700 డాలర్లు సంపాదించారు. అంతకు ముందు ఏడాదే, 2003లో, ఐదు ఆటలు గెలిచినవాళ్లను సాగనంపే పాత పద్ధతి ఎత్తేశారు. అది ఉండి ఉంటే ఈ ‘జోన్స్’ తీర్పు ఐదు ఆటల చాంపియన్ కథలో చిన్న ముక్కగా మిగిలేది, ఎవరికీ గుర్తుండేది కాదు. పరిమితి పోవడం వల్ల ఆ ఒక్క తీర్పు మీద షో చరిత్రలోనే అతి పెద్ద విజయపరంపర నిలబడింది. (మేరియన్ జోన్స్ ఆ ఐదు పతకాలనూ నిషేధిత ఉత్ప్రేరకాల కారణంగా 2007లో పోగొట్టుకున్నారు. ఆధారం చెల్లకుండా పోయింది, గెలుపు మాత్రం చెల్లుతూనే ఉంది.)

నిజానికి ఆ తీర్పులో కొత్తేమీ లేదు. జెపర్డీలో ఇంటిపేరు చెబితే సాధారణంగా చాలు. ఎవరి గురించో తికమక ఉంటేనే పూర్తి పేరు కావాలి. ఆ ఆధారానికి సరిపోయే జోన్స్ ఇంకొకరు లేరు. కానీ ప్రేక్షకుల చెవిన పడింది నియమం కాదు, ట్రెబెక్ మాట. నియమం ప్రకారం వచ్చిన తీర్పు హోస్ట్ నోటి వెంట దయలా వినిపించింది. న్యాయనిర్ణేతలు మనసుపెడితే వదిలేయగలరు అన్న నమ్మకం జనంలో అప్పుడే నాటుకుంది. తర్వాత ఎవరి డబ్బు పోయినా ‘ఆ రోజు ఆయనకు ఇచ్చారుగా, ఈయనకెందుకు ఇవ్వరు’ అని అడగడం మొదలైంది.

2013 జులైలో పిల్లల వారంలో పన్నెండేళ్ల అబ్బాయి విషయంలో అడిగారు. 1863లో అమల్లోకి వచ్చిన లింకన్ పత్రం ఏదో వాడికి తెలుసు. ‘ఎమాన్సిపేషన్ ప్రోక్లమేషన్’ (బానిసల విముక్తి ప్రకటన) రాయబోయి మొదటి మాటలో ఒక ‘టి’ ఎక్కువ పెట్టాడు. స్పెల్లింగ్ తప్పయినా పలుకు మారకపోతే ఒప్పుకుంటారు. ఆ ‘టి’తో పలుకు మారింది. 3,000 డాలర్లు పోయాయి. ముందున్న అబ్బాయికీ వీడికీ మధ్య ఎంత దూరమంటే, ఒప్పుకున్నా వీడు గెలిచేవాడు కాదు. అయినా పిల్లాడితో కఠినంగా ఉన్నారని దేశమంతా తిట్టింది. షో తరఫున వచ్చిన వివరణ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఎంత చిన్న తప్పయినా ఒకరికి వదిలేస్తే, మిగతా పోటీదారులకు శిక్ష వేసినట్టే అవుతుందన్నది దాని సారాంశం.

ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. స్టూడియోలో ముగ్గురు నిలబడతారు. ఆ రోజు గెలిచినవాళ్లే మర్నాటికి తిరిగొస్తారు, మిగతా ఇద్దరి ఆట అక్కడితో సరి. ఇంట్లో కూర్చున్న మనకు కెమెరా చూపించేది డబ్బు పోయిన మొహాన్ని. పక్క పోడియం దగ్గర సరిగ్గా రాసిన మనిషి ఆ ఫ్రేములో ఉండరు. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ముగ్గురినీ చూడాలి.

2018 జనవరిలో ర్యాపర్ కూలియో పాట ‘గ్యాంగ్‌స్టాస్ ప్యారడైజ్’ పేరును మిల్టన్ కావ్యం ‘ప్యారడైజ్ లాస్ట్’తో కలిపి చెప్పాల్సి వచ్చింది. పోటీదారు ‘గ్యాంగ్‌స్టా’ అనాల్సిన చోట చివర ‘ర్’ పలికి ‘గ్యాంగ్‌స్టర్స్’ అన్నారు. ముందు 1,600 డాలర్లు ఇచ్చారు, తర్వాత రెండూ నిఘంటువులో వేర్వేరు మాటలని తేల్చి, ఇచ్చిందీ తప్పుకు కోసేదీ కలిపి 3,200 తీసేశారు. ఆయన ఆ ఆట గెలిచారు కాబట్టి నవ్వులతో సరిపోయింది. ఆట నడుస్తుండగానే తీర్పు మార్చి లెక్క సరిచేయడం ఈ షోలో మామూలే. ఆట అయిపోయాక పొరపాటు బయటపడితే, దానివల్ల ఓడినవాళ్లను మళ్లీ పిలుస్తారు కూడా.

నవ్వులతో సరిపోనిది 2023 మేలో జరిగింది. తొమ్మిది ఆటలు గెలిచిన తత్వశాస్త్ర అధ్యాపకుడికి చివరి రౌండ్‌లో షేక్‌స్పియర్ నాటకంలోని ప్రేమికుల జంట పేర్లు అడిగారు. రెండు పేర్లూ లాటిన్‌లో ‘ధన్యులు’ అనే అర్థం నుంచి వచ్చినవే. బియాట్రిస్ సరిగ్గానే రాశారు. బెనెడిక్ అని రాయాల్సిన చోట ‘బెనెడిక్ట్’ అని రాశారు. ఒక్క అక్షరంతో పరంపర తెగింది. తప్పని చెప్పాల్సి వచ్చిన హోస్ట్ ఎవరో కాదు, కెన్ జెన్నింగ్స్.

దాంతో 2004 వీడియో మళ్లీ బయటికొచ్చింది. ‘జోన్స్’తో బతికిపోయిన మనిషి ‘బెనెడిక్ట్’ను తప్పంటారా అని జనం మండిపడ్డారు. పోలిక చూడ్డానికి బాగుంటుంది, లోపల పస లేదు. జోన్స్ అసంపూర్ణమైన పేరు, కానీ సరైన పేరు. బెనెడిక్ట్ పూర్తి పేరే, కానీ ఆ నాటకంలో లేని మనిషి పేరు. పైగా తీర్పు బల్ల దగ్గర వస్తుంది, హోస్ట్ దాన్ని చదువుతారు.

ఆ బల్లకు ఇంత బిగువెందుకు అంటే 1950ల దాకా పోవాలి. ‘ట్వంటీ వన్’ అనే అమెరికన్ టీవీ క్విజ్‌లో పోటీదారు చార్లెస్ వాన్ డోరెన్‌కు జవాబులు ముందే అందాయని 1959లో అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ ముందు ఆయనే ఒప్పుకున్నారు. 1960లో చట్టం సవరించి, క్విజ్ పోటీల్లో రహస్యంగా సాయం చేసి జనాన్ని మోసగించడాన్ని నేరం చేశారు. జవాబులు ముందే ఇచ్చేసే ఆట పెడితే పోలా అని గ్రిఫిన్ భార్య విమానంలో అన్న ఎకసెక్కం నుంచే జెపర్డీ పుట్టింది. అలాంటి షోలో ఎవరిమీదో జాలిపడి వదిలేశారన్న మాట రాకూడదన్న భయం ఉండటంలో వింతేముంది?

ఇప్పుడు అడుగుతున్న సడలింపు చిన్నదే. మొదటి రౌండ్‌లోలాగే రెండో రౌండ్‌లోనూ హోస్ట్ ఒకసారి గుర్తుచేయాలంటున్నారు. అందరికీ తెలిసేలా రాసిపెట్టి ముగ్గురికీ ఒకేలా పాటిస్తే 1960 నాటి చట్టం దీనికి అడ్డు రాదు. అయితే దాన్ని కొత్త సీజన్ మొదట్లో పెట్టాలా, ఈ వారమే పెట్టాలా అన్న దగ్గర అడిగేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఈ వారమే పెడితే, పాత పద్ధతిలో డబ్బు పోగొట్టుకుని వెళ్లిపోయినవాళ్లను ఏం చేయాలో వాళ్లే చెప్పాలి.