ఫిల్టరులోంచి తీసిన మట్టి ఎక్కడికి పోతుంది?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర 24 పరగణాల జిల్లాలోనూ, సరిహద్దు దాటితే బంగ్లాదేశ్‌లోనూ చాలా చేతిపంపుల నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉంది. రుచి మారదు, వాసన రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. అక్కడ వందల మైక్రోగ్రాములు ఉన్న బావులున్నాయి. అందుకే పంపులకు ఫిల్టర్లు పెట్టారు. వాటిలో చాలావాటిలో వాడేది ఐరన్ ఆక్సైడ్, అంటే మన తుప్పే. నీళ్లు దిగుతుంటే ఆర్సెనిక్ ఆ రేణువులకు అతుక్కుపోతుంది.

నీళ్లు బాగుపడ్డాయి, సరే. కానీ ఆర్సెనిక్ మూలకం. కాల్చినా కుళ్లబెట్టినా నశించదు. కొన్నాళ్లకు ఆ తుప్పుమట్టి నిండిపోతుంది, తీసి పారేయాలి. ఎక్కడ?

అమెరికాలో ఇందుకు టీసీఎల్‌పీ అనే పరీక్ష ఉంది. పిడికెడు మట్టిని దాని బరువుకు 20 రెట్ల పలుచని ఎసిటిక్ యాసిడ్‌లో (వెనిగర్‌లో పులుపు దీనిదే) వేసి, సీసా మూత బిగించి, 18 గంటల పాటు గిరగిరా తిప్పుతారు. వడకట్టిన ద్రవంలో ఆర్సెనిక్ లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపుంటే అది ప్రమాదకర వ్యర్థం కాదు. ఫిల్టరు మట్టి సాధారణంగా ఈ పరీక్ష పాసవుతుంది.

పాసైందని ధైర్యపడటానికి లేదు. పుల్లటి నీళ్లలో తుప్పు ఆర్సెనిక్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పైగా 18 గంటల్లో సూక్ష్మజీవులు పని మొదలుపెట్టనే లేవు. చెత్తకుప్ప అడుగున ఏళ్ల తరబడి తడి ఉంటుంది, గాలి ఆడదు. ఆక్సిజన్ దొరకని బాక్టీరియా తుప్పులోని ఇనుముతో ఊపిరి తీసుకుంటుంది. ఇనుము కరిగిపోతుంది, దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ నీళ్లలోకి జారుతుంది. చెత్తకుప్పలో ఊరే ఆర్సెనిక్‌ను టీసీఎల్‌పీ తక్కువగా చూపిస్తుందని అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించారు.

బెంగాల్ భూగర్భ జలాల్లోకి ఆర్సెనిక్ వచ్చింది కూడా ఇలాగే. హిమాలయాల నుంచి నదులు తెచ్చిన ఒండ్రు రేణువులకు ఆర్సెనిక్ అతుక్కున్న తుప్పు పూత ఉంటుంది. గాలి అందని లోతుల్లో బాక్టీరియా ఆ పూతను కరిగించింది. ఫిల్టరు మట్టిని చెరువుగట్టున పోస్తే, భూమి లోపల జరిగిందే పెరట్లో మళ్లీ జరుగుతుంది.

బంగ్లాదేశ్‌లో ఈ మట్టిని పేడతో కలిపి గుంటలో వేయమన్న సలహా కూడా ఉంది. సూక్ష్మజీవులు ఆర్సెనిక్‌ను వాయువుగా మార్చేస్తాయని ఆశ. కొలిచి చూస్తే అలా పోయేది బహు స్వల్పం. కుళ్లే పేడ మాత్రం ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది. నా మట్టుకు నేను ఈ పద్ధతి ఆపేయాలంటాను.

లీహై విశ్వవిద్యాలయానికి చెందిన అరూప్ సేన్‌గుప్తా బృందం పశ్చిమ బెంగాల్‌లో ఇంకో దారి చూపింది. నిండిన మట్టిని కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ వాడతారు. కడుగు నీళ్లలోని ఆర్సెనిక్‌ను ఇనుముతో కలిపి మడ్డిగా దించుతారు. ఆ మడ్డిని ముతక ఇసుక పరుపు మీద, గాలి తగిలేలా ఉంచుతారు. గాలి ఆడినంత కాలం తుప్పు కరగదు.