చూరు కింద దూరే గాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, మధ్యమధ్య 165 దాకా. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో తెల్లారేసరికి లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి, జీడిమామిడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతపు తోటల గురించి చాలామంది రాశారు, ఇంకా రాయాలి కూడా. ఇక్కడ మాత్రం ఇంటి కప్పు గురించి చెప్పాలనుకుంటున్నాను. గాలివాన రాత్రి తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చున్న కుటుంబానికి ఉన్న రక్షణ అదొక్కటే. అయినా అది ఎలా ఎగిరిపోతుందో మనలో చాలామందికి సరైన అవగాహన లేదు.

ముందుగా ఒక మాట. ఉప్పెన వచ్చే చోట ఇంటి గట్టితనం గురించిన చర్చకు తావే లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని బలిగొన్నది ప్రధానంగా సముద్రపు నీరే. అలాంటి ఊళ్లలో అధికారులు చెప్పిన వెంటనే ఇల్లు వదిలి తుపాను రక్షిత కేంద్రానికి చేరడం ఒక్కటే మార్గం. నేను చెప్పేది నీరు చేరని, గాలి మాత్రమే విరుచుకుపడే ఊళ్ల సంగతి.

గాలి ఇంటిని పక్కనుంచి తోసి కూల్చేస్తుందని అనుకుంటాం. మట్టి గోడల విషయంలో అదీ జరుగుతుంది. కానీ తేలికపాటి కప్పున్న ఇళ్లలో ఎక్కువగా మొదట పోయేది కప్పు. అదీ పైకి లేచి పోతుంది. దీని వెనుక లెక్క చాలా సులువు. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. మన దేశంలో ఇంజనీర్లు వాడే సూత్రమే ఇది. గంటకు 150 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. లెక్క కడితే వెయ్యి న్యూటన్లు దాటుతుంది, అంటే చదరపు మీటరుకు నూరు కిలోల బరువుకు పైగా తేలుతుంది. వేగం అందులో సగం, అంటే 75 కిలోమీటర్లే అయితే ఒత్తిడి సగం కాదు, నాలుగో వంతు. అందుకే వాతావరణ కేంద్రం అంచనాను 120 నుంచి 150కి పెంచినప్పుడు ఆ ముప్పై కిలోమీటర్ల తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది.

గోడను తాకిన గాలి పైకి మళ్లి, చూరు అంచు దగ్గర కప్పును అంటిపెట్టుకుని పారలేక విడిపోతుంది. అక్కడ సుడులు పుట్టి, కప్పు పైన పీడనం పడిపోతుంది. లోపలి గాలి మామూలు పీడనంతో కప్పును కిందినుంచి ఎత్తుతూ ఉంటుంది. వాలు తక్కువగా ఉన్న కప్పు మూలల్లో, అంచుల్లో ఈ లాగుడు పై లెక్కకు ఒకటిన్నర రెట్లు, కొన్నిసార్లు రెండు రెట్లు కూడా ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చిన చూరు కింద గాలి దూరితే గొడుగు తిరగబడినట్టే అవుతుంది. ఇక గాలికి ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో బద్దలైతే, ఆ గాలంతా ఇంట్లో నిండి కప్పును లోపలినుంచి నెడుతుంది. పైనుంచి లాగుడు, కిందినుంచి తోపుడు కలుస్తాయి. పీడనం సమానమవుతుందని కిటికీలు తెరిచి పెట్టమనే సలహా కొందరు ఇస్తారు. అది తప్పు, ప్రమాదం కూడా. తలుపులు, కిటికీలు గట్టిగా బిగించి ఉంచాలి.

ఇనుప రేకు చదరపు మీటరుకు ఐదారు కిలోలు తూగుతుంది. సిమెంటు రేకైనా ఇరవై కిలోలకు చేరదు. నూరు కిలోల లాగుడు ముందు ఆ బరువు ఏపాటిది? రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టడం మన ఊళ్లలో అలవాటు. యాభై కిలోల బస్తా అర చదరపు మీటరు లాగుడుకే సరిపోతుంది. బండరాళ్లు, పాత టైర్లు పెడితే మరీ ప్రమాదం, అవే గాలికి దొర్లి మనుషుల మీద పడతాయి.

కప్పును పట్టి ఉంచేది కట్టు. రేకు నుంచి దూలానికి, దూలం నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి ఎక్కడా తెగని గొలుసుగా ఆ కట్టు ఉండాలి. 1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను నేలమట్టం చేసింది. ఆ విధ్వంసాన్ని పరిశీలించిన ఇంజనీరు జార్జ్ వాకర్ బృందానికి ఒక ముఖ్యమైన విషయం తెలిసింది. చాలాచోట్ల రేకులు ఒక్క ఊపుకు ఊడిపోలేదు. గాలి ఆగి ఆగి గుంజుతుంటే మేకుల చుట్టూ లోహం అలసి, చీలికలు వచ్చి, చివరికి మేకు తల కన్నంలోంచి జారిపోయింది. మేకు చెక్కలోనే ఉంది, రేకు పోయింది. తుపాను రాత్రి రేకులు గంటల తరబడి కొట్టుకుంటున్నాయంటే బిగింపులు అరిగిపోతున్నాయని అర్థం.

విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా తీర గ్రామాల్లో ఒకప్పుడు చుట్టిళ్లు విరివిగా ఉండేవి. గుండ్రటి మట్టి గోడ, దాని మీద గోపురంలా తాటాకు కప్పు, నడుం వంచితే గాని లోపలికి వెళ్లలేనంత కిందికి దిగిన చూరు. ఇప్పటి శాస్త్రంతో చూస్తే ఆ కట్టడం నాకు అబ్బురంగా ఉంటుంది. గుండ్రటి ఇంటికి మూలలు లేవు, కాబట్టి మూలల్లో పుట్టే సుడుల బెడద తక్కువ. నిటారు వాలు మీద పడిన గాలి కప్పును ఎత్తడం మాని కిందికి నొక్కుతుంది. చూరు నేలకు దగ్గరైతే దాని కిందికి గాలి దూరదు. నేల రాపిడి వల్ల అక్కడ గాలి వేగమూ తక్కువే. ఆకుల సందుల్లోంచి గాలి కొంత జారిపోయి పీడనాల తేడా తగ్గుతుంది. అలాగని చుట్టిల్లే మేలని అనను. నిప్పురవ్వకు ఊరంతా తగలబడిన బాధలు తీరవాసులకు బాగా తెలుసు. ఆకు మార్చే ఖర్చు, తడిసి కూలే గోడ ఉండనే ఉన్నాయి. ఆ ఆకారంలోని తెలివి మాత్రం రేకుల కాలంలో మనకు దక్కకుండా పోయిందన్నదే నా బాధ.

తుపాను కన్ను సరిగ్గా ఊరి మీదుగా వెళ్తే గాలి ఒక్కసారిగా పడిపోతుంది. గాలివాన అయిపోయిందని బయటికి వచ్చినవారు అప్పుడే దెబ్బతింటారు. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. అందుకే మన తూర్పు తీరంలో కన్ను రాకముందు ఉత్తరం, ఈశాన్యం నుంచి కొట్టిన గాలి, కన్ను దాటాక దక్షిణం, నైరుతి నుంచి కొడుతుంది. అప్పటికే వదులైన బోల్టుల మీద లాగుడు కొత్త వైపునుంచి మొదలవుతుంది. ఆ విరామం కొన్ని నిమిషాలే ఉండొచ్చు, గంట కూడా ఉండొచ్చు. ఆ సమయంలో లోపలే ఉండి, కిటికీలు తక్కువగా ఉన్న చిన్న గదిలోకి, స్లాబు గది ఉంటే అందులోకి పిల్లలను, పెద్దవాళ్లను చేర్చాలి.

ఇప్పుడు చాలా ఊళ్లలో ఇళ్లకు స్లాబులు వచ్చాయి. వంటపాకలు, పశువుల పాకలు, పేదల ఇళ్లు ఇంకా రేకుల కిందే ఉన్నాయి. కొత్తగా రేకులు వేయించేవారు మేస్త్రీని అడగాల్సినవి పెద్ద ఖర్చులేమీ కావు. అంచు వరసల్లో బోల్టులు మధ్య వరసల కన్నా దగ్గర దగ్గరగా ఉండాలి. కొక్కెంలా వంగిన బోల్టు లాగుడుకు సాగి విప్పుకుంటుంది, దూలాన్ని రెండు వైపులా చుట్టి పట్టుకునే యూ బోల్టు అంత తేలిగ్గా విప్పుకోదు. ప్రతి బోల్టు కింద వెడల్పాటి వాషరు పడాలి. చూరు అడుగున్నర దాటి బయటికి రాకూడదు. దూలాన్ని గోడ మీద ఊరికే ఆనించి వదలకుండా ఇనుప పట్టీతో గోడలోపలి దాకా బిగించాలి. ఈ పనులన్నీ ఎండలు ముదిరే వేసవిలోనే పూర్తి కావాలి. అక్టోబరులో ప్రమాద హెచ్చరికల నంబర్లు పెరుగుతున్నప్పుడు మేస్త్రీ దొరకడు.