ఇన్‌ఛార్జి ఒంటరితనం: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో 14 సీజన్లుగా పని చేస్తున్నాను. చివరి ఆరు సీజన్లు ప్రొడక్షన్ ఇన్‌ఛార్జిగా.

అపోహ: ఇన్‌ఛార్జికి ఒంటరితనమా? ఫోను మోగడం ఆగితే కదా!

వాస్తవం: జూన్, జూలైలలో నిజంగానే ఆగదు. కాయ దించడానికి టోకెను కావాలని ఒకరు, డ్రమ్ములు రాలేదని ఒకరు, బాయిలర్ ప్రెషర్ పడిపోయిందని మరొకరు. ఏ పనీ లేకుండా ఊరికే పలకరించేవారు ఒక్కరూ ఉండరు. తొడిమలు కోసే బల్ల దగ్గరికి నేను వెళ్తే ఆడవాళ్ల నవ్వులు ఆగిపోయి కత్తుల చప్పుడే మిగులుతుంది. నాకు ఈ పదవి రాకముందు తమ క్యారియర్లలోంచి టమాటా పచ్చడి వడ్డించినవాళ్లే వాళ్లు.

అపోహ: దూరంగా ఉంటేనే మాట చెల్లుతుంది.

వాస్తవం: మొదటి సీజనంతా నేనూ ఇదే నమ్మాను. ఆ ఏడాది పల్పర్ (గుజ్జు తీసే యంత్రం) జల్లెడ చిరిగిన సంగతి షిఫ్టులో అందరికీ తెలుసు, నాకు తప్ప. పీచు కలిసిన 40 డ్రమ్ములు పక్కన పెట్టాల్సి వచ్చింది. డ్రమ్ముకు 215 కిలోల చొప్పున లెక్క వేసుకోండి. ‘మీరు అరుస్తారని చెప్పలేదు సార్’ అన్నాడు ఆపరేటర్. అతని మీద కోపం తెచ్చుకునే ముఖం నాకు లేదు.

అపోహ: నిర్ణయాలు అందరూ కలిసి తీసుకుంటే ఈ బాధే ఉండదు.

వాస్తవం: సగం నిజం. షిఫ్టులు ఎలా మార్చాలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. రైతు తెచ్చిన కాయ లోడు తిప్పి పంపే మాట మాత్రం నా నోటి నుంచే రావాలి. 2025లో గుజ్జుకు వాడే తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. అయినా గేట్ల బయట ట్రాక్టర్ల బారు తగ్గలేదు. మా చిన్నాయన వంతు వచ్చేసరికి అడుగున కాయ నల్లబడి నీరు కారుతోంది. తీసుకోలేనని చెప్పాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ‘సరే నాయనా’ అని ఇంజను తిప్పాడు. దీపావళికి మా ఇంటికి రాలేదు. ల్యాబ్ కుర్రాడితో చెప్పించి ఉండవచ్చు. అప్పుడు ఊరంతా అతన్ని తిట్టుకునేది. జీతం ఎక్కువ తీసుకునేది నేను కదా!

అపోహ: ఇంట్లో చెప్పుకుంటే సరిపోతుంది.

వాస్తవం: మా ఆవిడ పది రోజులు విన్నది. పదకొండో రోజు నుంచి ఆమెకూ నిద్ర కరవైంది. నాతో పనిలేనివాడు, నా సంస్థతో సంబంధం లేనివాడు, పని మాత్రం తెలిసినవాడు ఒకడు కావాలి. నాకు తిరుపతిలో ఒక రిటైరైన బాయిలర్ ఫోర్‌మన్ దొరికారు. సీజన్లో వీలైన ఆదివారమల్లా వెళ్తాను. నా గోడు పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తరువాత గంటసేపు ఆయన మోకాళ్ల నొప్పుల గురించే.