లైంగిక హింస తర్వాత తిండి: నేను తరచూ వినే అపోహలు

బెంగళూరులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. లైంగిక హింసకు గురై కౌన్సెలింగ్ తీసుకుంటున్నవాళ్లలో కొందరిని థెరపిస్టులు నా దగ్గరికి పంపుతుంటారు. మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే తెలుగమ్మాయిలు, వాళ్లకోసం ఊరి నుంచి వచ్చేసిన అమ్మలు, అప్పుడప్పుడు అబ్బాయిలు కూడా.

అపోహ: "తినకపోవడం మొండితనం. బలవంతంగానైనా రెండు ముద్దలు పెట్టాలి."

ప్రమాదం ఎదురైతే శరీరం అరుగుదలను పక్కన పెట్టేస్తుంది. నోరు ఎండిపోతుంది, ముద్ద గొంతు దిగదు. ప్రమాదం గడిచిపోయిందని నాడీ వ్యవస్థ నమ్మడానికి నెలలు పట్టొచ్చు. కొందరికి ఒక రకం వాసనో, జారుడుగా ఉండే కూరో అసలు పడదు. ఎందుకని నిలదీయకండి. కారణం చెప్పకుండా బెండకాయ వద్దనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

అమ్మ కలిపి నోట్లో పెట్టడం మన ఇళ్లలో ప్రేమే. కానీ తన ఒంటి మీద తన మాట చెల్లని మనిషికి, వద్దన్నా నోటి దాకా వచ్చిన చెయ్యి మరోలా తగులుతుంది. అందుకే చెప్తాను: "అమ్మా, పళ్లెం తన ముందు పెట్టి, మీరూ పక్కన కూర్చుని మీ అన్నం మీరు తినండి. పెరుగన్నమా, ఉప్మానా అని అడగండి. రెండూ వద్దంటే ఓ గంటాగి మళ్లీ అడగండి." ఎన్ని ముద్దలు తిన్నారన్న లెక్క తర్వాత చూస్తాను. వద్దన్న మాట ఇంట్లో చెల్లిందా అన్నది ముందు అడుగుతాను.

పీజీ మెస్‌లో రద్దీ తగ్గాక వెళ్లి, గోడకు వీపు ఆనించి, తలుపు కనబడేలా కూర్చుంటే కొందరికి ముద్ద దిగుతుంది. అదీ కుదరకపోతే డబ్బాలో గదికి తెచ్చుకోవడమే.

అపోహ: "కడుపు మాడిస్తే ఒళ్లు శుద్ధి అవుతుంది."

ఉపవాసం, డీటాక్స్ జ్యూసు, పేరేదైనా దాని వెనక ఉండేది "నా ఒళ్లంటే నాకే రోత" అన్న బాధ. అది థెరపిస్టుతో మాట్లాడాల్సిన సంగతి, కీరా జ్యూసుతో తీరేది కాదు. పైగా తినకపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. పానిక్ వచ్చినప్పుడూ ఇవే. ఖాళీ కడుపున ఫిల్టర్ కాఫీ పడితే ఇక చెప్పక్కర్లేదు. మూడు నాలుగు గంటలకోసారి అరటిపండో, గుప్పెడు పుట్నాలపప్పో, ఒక ఇడ్లీయో తింటే ఆ దడల్లో కొన్నైనా తగ్గుతాయి.

అపోహ: "గ్లూకోజ్ ఎక్కిస్తే బలం వస్తుంది."

వాంతులై ఒంట్లో నీరు తగ్గితే డాక్టరే పెడతారు. బలం మాటకొస్తే, 5 శాతం గ్లూకోజ్ ఉన్న అర లీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. వంద కేలరీలకు మించదు.

అపోహ: "మందులకు వికారంగా ఉంది, ఆపేద్దాం."

దీనికి మాత్రం నాకు కోపమొస్తుంది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మందులు దాడి జరిగిన 72 గంటల్లోపు మొదలుపెట్టి, 28 రోజులూ వాడాలి. వికారం ఉంటే డాక్టరుకు చెప్పండి, తిన్నాక వేసుకోవచ్చేమో అడగండి. వాటిలో డోలుటెగ్రవిర్ అనే మందు ఉంటే, ఖాళీ కడుపున ఐరన్, క్యాల్షియం బిళ్లలు కలిపి వేసుకోవద్దు, మందు సరిగా ఒంటికి పట్టదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే పాలతో కాకుండా నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు. గర్భం రాకుండా ఇచ్చే ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతయితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా చికిత్స చేయాలని 2013 నుంచీ చట్టంలో ఉంది. బిల్లు చేతిలో పెడితే అడగండి.

అపోహ: "కాస్త ఒళ్లు చేసింది, ఇక కోలుకున్నట్టే."

నిద్రపట్టక అర్ధరాత్రి ఆపుకోలేక తినేవాళ్లున్నారు. ఎవరి కంటా పడకూడదని కావాలనే బరువు పెంచుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను అడగకుండా నేను బరువు చూడను. చూసినా, ఆ అంకె తమకు చెప్పాలో వద్దో వాళ్లే చెప్తారు.

ఒక్క హెచ్చరిక. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషికి ఆకలి తిరిగొచ్చిందని ఒక్కసారిగా జ్యూసులు, స్వీట్లు, అన్నం పెట్టేయకండి. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. బతకాలని లేదన్న మాట వినిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.