కలకత్తా చిన్న చైనీస్ హోటళ్లు: ఒక వంటవాడు చెప్పే అపోహలు – వాస్తవాలు

పంతొమ్మిదేళ్లుగా నేను కలకత్తాలో చైనీస్ వంట చేస్తున్నాను. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో, రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల మధ్య. వైద్యానికో, కాళీఘాట్ దర్శనానికో మా వాళ్లు కలకత్తా వచ్చినప్పుడు భోజనం బాధ్యత నాదే అవుతుంది. చైనీయుల పేటలైన టాంగ్రాలోనో, టిరెట్టా బజార్ సందుల్లోనో నాలుగైదు బల్లలు మాత్రమే ఉన్న హోటల్ ముందు వాళ్లను నిలబెట్టగానే ఎదురయ్యే ప్రశ్నలు ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. అందులో కొన్ని ఉత్త అపోహలు, కొన్నింటిలో మాత్రం సగం నిజం ఉంది. ఆ సగం నిజాన్ని దాచిపెడితే తినేవాళ్లకు అన్యాయం చేసినట్లవుతుంది కాబట్టి రెండూ చెబుతాను.

అపోహ: ఇంత చవకగా పెడుతున్నారంటే సరుకు నాసిరకమై ఉంటుంది.

ధర తగ్గడానికి కారణం ఎక్కువగా వంటగది నడిచే పద్ధతిలో ఉంటుంది. ఉదయం 3 గంటల పాటు తరుగుడు పని జరుగుతుంది. క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, అల్లం, వెల్లుల్లి, మాంసం అన్నీ ఒకే మందంలో తరిగి గిన్నెల్లో సర్దుకుంటే, ఆర్డర్ వచ్చాక ఒక ప్లేటు చౌమీన్ (వేయించిన నూడుల్స్) పొయ్యి మీద ఉండేది 2 నుంచి 3 నిమిషాలే. ఒక భట్టీ, ఒక ఇనుప కడాయి, ఒక మనిషి ఉంటే గంటలో ఇరవై ప్లేట్లు సులభంగా దిగుతాయి. వంట త్వరగా అవుతుంది కాబట్టి బల్లలు త్వరగా ఖాళీ అవుతాయి, గ్యాస్ తక్కువ ఖర్చవుతుంది. మాంసాన్ని సన్నగా తరిగి కూరగాయలతో కలపడం వల్ల మన కోడి కూరకు పట్టే మాంసంలో సగంతోనే ప్లేటు నిండుగా కనిపిస్తుంది. ఎముకలు పారేయకుండా మరిగించిన రసమే సూపులన్నిటికీ ఆధారం. సోయా సాస్, పచ్చిమిర్చి సాస్ ఈ నగరంలోనే చైనీస్ కుటుంబాలు తయారు చేస్తాయి, దిగుమతి ఖర్చు ఉండదు.

టాంగ్రాకు ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉంది. అది ఒకప్పుడు హక్కా అనే చైనీయ సముదాయపు తోళ్ల శుద్ధి కర్మాగారాల పేట. కాలుష్యం కారణంగా వాటిని నగరం వెలుపలికి తరలించాలని సుప్రీంకోర్టు 1996లో ఆదేశించిన తర్వాత కొన్ని నగర శివార్లలోని బంతలాకు వెళ్లాయి, కొన్ని మూతపడ్డాయి, కొన్ని కుటుంబాలు వంట వైపు మళ్లాయి. స్థలం సొంతమై, గల్లాపెట్టె దగ్గర ఇంటి పెద్దావిడ, వంటగదిలో ఆమె కొడుకు నిలబడే చోట, అద్దె కట్టి జీతాలిచ్చి నడిపే పెద్ద రెస్టారెంట్ ధర వేయవలసిన అవసరం ఉండదు.

అపోహ: టేస్టింగ్ సాల్ట్ విషం.

1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు మరిగించిన నీటికి ఆ కమ్మదనం ఎక్కడి నుంచి వస్తోందని వెతికి గ్లూటమేట్‌ను గుర్తించాడు. మరుసటి ఏడాదే దాని లవణం అజినోమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది; టేస్టింగ్ సాల్ట్ అనేది దీన్నే. బాగా పండిన టమాటాలో, చీజ్‌లో సహజంగా ఉండేది కూడా ఈ గ్లూటమేటే. దీనికి చెడ్డపేరు రావడం 1968లో మొదలైంది. చైనీస్ హోటల్లో తిన్న తర్వాత తనకు మెడ వెనక తిమ్మిరి, గుండెదడ వచ్చాయని అమెరికాలోని ఒక వైద్యుడు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు లేఖ రాశాడు. ఆ లేఖలో ఆయన సోయా సాస్‌నూ, వంటలో వాడే వైన్‌నూ, అధిక సోడియాన్నీ కూడా అనుమానించినా, జనం మనసులో మిగిలింది టేస్టింగ్ సాల్ట్ ఒక్కటే. ఆ తర్వాతి పరీక్షల్లో, ఆహారం లేకుండా పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు కొందరిలో కొద్దిసేపు స్వల్ప లక్షణాలు కనిపించాయి తప్ప, ఆహారంతో కలిపి ఇచ్చినప్పుడు నిలకడగా ఏమీ తేలలేదు. అయినా తిన్నప్పుడల్లా ఇబ్బంది కలుగుతోందని చెప్పేవారితో నేను వాదించను, వేయకుండానే చేసి పెడతాను. దీన్ని చేర్చిన ఆహారం ఏడాది లోపు పిల్లలకు తగదని మన దేశపు లేబుల్ నిబంధనే చెబుతుంది, దాన్ని పాటించాలి.

రక్తపోటు ఉన్నవారు నిజంగా చూసుకోవలసింది సోయా సాస్‌ను. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది; పెద్దవారికి రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. టేస్టింగ్ సాల్ట్‌లో సోడియం 12 శాతమే, మామూలు ఉప్పులో 39 శాతం. సాస్ తగ్గించమని అడగండి, ఏ వంటవాడూ తప్పుగా అనుకోడు.

అపోహ: మాంసం అంత మెత్తగా ఉందంటే అది వేరే ఏదో మాంసం.

ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఇది వంట మీద కాక మనుషుల మీద వేసే అనుమానం. తరిగిన కోడి మాంసానికి కార్న్‌ఫ్లోర్, గుడ్డు తెల్లసొన, కొంచెం సోయా సాస్ పట్టించి అరగంట ఉంచి, వేడి నూనెలో ఒక్క క్షణం ముంచి తీస్తే ఆ పూత లోపలి తేమను బయటికి పోనివ్వదు. గట్టి మాంసమైతే చిటికెడు వంట సోడా కలుపుతాము. క్షారగుణం వల్ల మాంసకృత్తులు వేడికి గట్టిగా ముడుచుకోవు. ఇంట్లో ఒకసారి చేసి చూస్తే అనుమానం పోతుంది.

అపోహ: ఫ్రైడ్ రైస్‌కు నిన్నటి అన్నం వాడతారు, కాబట్టి అది పాచి.

సగం నిజం ఇక్కడే ఉంది. వేడి అన్నంలో తేమ ఎక్కువ, కడాయిలో వేస్తే ముద్ద అవుతుంది. చల్లబరిచిన అన్నంలో పిండి పదార్థం బిగుసుకుని మెతుకు మెతుకుగా విడిపోతుంది కాబట్టి చల్లని అన్నమే కావాలి. ఆ అన్నాన్ని ఎలా చల్లబరిచారన్నదే అసలు సంగతి.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు సాధారణంగా ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని విడుదల చేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేయించినా పోదు, కాబట్టి భగభగమండే మంట మీద వేయించారు కదా అన్న ధీమా పనికిరాదు. నేను కుర్రవాడిగా చేరిన ఒక హోటల్లో ఆషాఢం ఉక్కపోతలో రాత్రి మిగిలిన అన్నాన్ని గిన్నెలోనే మూతపెట్టి వదిలేశారు. మరునాడు మధ్యాహ్నం ఆ అన్నం వేయించుకుని తిన్న మాలో ముగ్గురం సాయంత్రం దాకా లేవలేకపోయాము. కస్టమర్లకు వడ్డించక ముందే మేము తినడం ఒక రకంగా మంచిదయింది. అప్పటి నుంచి నేను అన్నం వార్చగానే వెడల్పు పళ్లేలలో రెండు వేళ్ల మందానికి మించకుండా పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, 2 గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టిస్తున్నాను. బయటి నుంచి చూసేవారికి ఒక గుర్తు చెబుతాను: పొయ్యి పక్కన పెద్ద గిన్నెలో అన్నం కుప్పగా ఉండి, వేసవి మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు అందులో నుంచే తీస్తుంటే అక్కడ ఫ్రైడ్ రైస్ అడగకండి, నూడుల్స్ తినండి.

అపోహ: ఎర్రగా ఉన్న మంచూరియా చైనా వంటకం.

మంచూరియా ప్రాంతానికీ దీనికీ సంబంధం లేదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబైలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, మసాలాకు బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ కలిపి మొదట చేశానని స్వయంగా చెప్పాడు. దాని అసలు రంగు సోయా సాస్ ఇచ్చే ముదురు గోధుమ రంగు. హైదరాబాద్ నూడుల్స్ బండ్ల మీద కనిపించే నిగనిగలాడే ఎరుపు, విడిగా కలిపే రంగు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో రోడమిన్-బి వాడకాన్ని నిషేధించింది ఇలాంటి రంగు గురించే. చిన్న చైనీస్ హోటల్‌కు వచ్చి అదే అడగడం కంటే, హక్కా కుటుంబాలు తమ ఇంట్లో తినే వంట ఏదైనా ఉందా అని అడిగితే బాగుంటుంది. ఊరబెట్టి ఎండబెట్టిన ఆవాకుతో మెత్తగా ఉడికించిన పందిమాంసం మెనూలో లేకపోయినా కొన్ని చోట్ల దొరుకుతుంది.

అపోహ: వెజ్ అని రాసి ఉంటే చాలు.

చాలదు. కడాయి ఒక్కటే. వెజ్ స్వీట్‌కార్న్ సూపులో కోడి ఎముకల రసం, వేయించిన ఆకుకూరలో ఆల్చిప్పల రసంతో చేసే ఆయిస్టర్ సాస్, నూడుల్స్‌లో గుడ్డు ఉండవచ్చు. ఈ మూడింటి పేర్లు చెప్పి మరీ అడగాలి. బెంగాల్‌లో ‘నిరామిష్’ అంటే చాలామందికి ఉల్లి, వెల్లుల్లి కూడా లేనిదని అర్థం, కాబట్టి ఆ ఒక్క మాటతో మీ ఉద్దేశం తెలియకపోవచ్చు. కడాయి విషయంలో పట్టింపు ఉన్నవారికి మా లాంటి చోట్లకు రావద్దనే చెబుతాను, ఎందుకంటే రద్దీలో మేము ఆ మాట నిలబెట్టుకోలేము.

అపోహ: చైనీయులు వండితేనే అసలైనది.

18వ శతాబ్దం చివరలో కలకత్తా శివారు బజ్‌బజ్ దగ్గర చెరకు మిల్లు పెట్టిన టాంగ్ అచ్యూతో ఇక్కడి చైనీయుల చరిత్ర మొదలవుతుంది. అచీపూర్ ఊరి పేరు ఆయనదే. 1962 యుద్ధ సమయంలో వేలాదిమందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు, ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎందరో కెనడా తదితర దేశాలకు వెళ్లిపోయారు. ఇవాళ కడాయి తిప్పేది ఎక్కువగా బెంగాలీలు, నేపాలీలు, నా లాంటివారు. నాకు ఈ పని నేర్పిన హక్కా పెద్దాయన గరిటె చప్పుడు విని మంట సరిపోలేదని చెప్పేవాడు. టాంగ్రాలోని చైనీస్ కాళీ గుడిలో నూడుల్స్ ప్రసాదంగా పెడతారు. ఆ ప్రసాదం అసలైనదా కాదా అని అక్కడ ఎవరూ అడగరు.

అపోహ: చైనీస్ రాత్రి భోజనానికే.

టిరెట్టా బజార్‌లో పోద్దార్ కోర్టు దగ్గర ఉదయం 6 గంటలకే ఆవిరి మీద ఉడికిన బన్నులు, చేప ఉండల సూపు అమ్ముతారు, ఆదివారం నాడు ఎక్కువ మంది వస్తారు. తెల్లవారుజామున హౌరాలో రైలు దిగేవారు వంతెన దాటితే అక్కడికి దగ్గరే. 8 దాటితే గిన్నెలు ఖాళీ అవుతాయి, స్టేషన్‌లో టీ కోసం ఆగకుండా రండి.