పాడి పశువుల ప్రవర్తన: మన పాకల్లో పాతుకుపోయిన కొన్ని అపోహలు

పశువుల ప్రవర్తన మీద పని చేస్తానని చెబితే, "అంటే జబ్బులకు మందులిస్తారా డాక్టరమ్మా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. మందులూ ఇస్తాను. కానీ నా పనిలో చాలా భాగం పాకలో ఒక మూల కూర్చుని చూడడమే. గేదె ఎంతసేపు పడుకుంది, ఎంతసేపు నెమరేసింది, మనిషి దగ్గరికి వస్తుంటే ఎక్కడ బెదిరింది, రెండు చోట్లు చూపిస్తే ఏది ఎంచుకుంది, ఇవన్నీ రాసుకుంటాను. గన్నవరం, కంకిపాడు వైపు పాకల్లోనూ, ఇటు తాడికొండ, పెదకాకాని ఊళ్లలోనూ పదే పదే వినబడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటివల్ల పశువుకు బాధ, రైతుకు నష్టం. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఇంజక్షన్ పడకపోతే గేదె చేపదు (పొదుగులోకి పాలు దించదు).

అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్న మాట ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దూడ మూతితో పొదుగు కుమ్మినా, మనం గోరువెచ్చని నీళ్లతో కడిగి చన్నులు నిమిరినా ఆ స్పర్శ మెదడుకు చేరుతుంది. అక్కణ్ణుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలో కలిసి పొదుగుకు వస్తుంది. పాల తిత్తులను బిగదీసి పాలను కిందికి దించుతుంది. ఆవు పొదుగులో కొన్ని పాలు ముందే దిగి ఉంటాయి. గేదెకు అలా కాదు, దాదాపు పాలన్నీ పై తిత్తుల్లోనే నిలిచి ఉంటాయి. అందుకే ఆవుకన్నా గేదె చేపడం ఆలస్యం. ఆ రెండు మూడు నిమిషాలు ఆగే ఓపిక లేకే చాలాచోట్ల ఆక్సిటోసిన్ నింపిన సిరంజి చేతిలోకి వస్తోంది.

ఇక భయం సంగతి. కొత్త మనిషి పిండడానికి కూర్చున్నా, పక్కన ఎవరో అరుస్తున్నా, కాలి మీద కర్ర దెబ్బ పడినా అడ్రినలిన్ విడుదలై ఆక్సిటోసిన్ పనికి అడ్డం పడుతుంది. మనమేమో "ఎగజేపుతోంది (పాలు దించకుండా బిగబడుతోంది), దొంగ గేదె" అని నేరం దాని మీదికి తోస్తాం. రషెన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఆవులను ఒక మనిషి ఆప్యాయంగా చూసుకున్నాడు, ఇంకో మనిషి కటువుగా చూశాడు. తరవాత పాలు తీసే వేళ ఆ కటువు మనిషి దగ్గర ఊరికే నిలబడితే చాలు, పొదుగులో దిగకుండా మిగిలిపోయిన పాలు పెరిగాయి. ఆయన ఆవులను ముట్టుకోను కూడా లేదు. ఎవరు ఎవరో వాటికి తెలుసు, గుర్తు కూడా పెట్టుకుంటాయి.

తాడికొండ దగ్గర ఒక పాకలో ఒక పెద్దావిడ గేదె పిండుతుంటే చూశాను. ముందు పేరు పెట్టి పిలిచింది. మెడ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే వీపు మీదుగా తొడ దాకా తెచ్చింది. ఆ తరవాతే పొదుగు కడిగింది. కడుగుతుండగా బిగుసుకున్న తోక వదులైంది, చెవులు పక్కకు వాలాయి, ముడతలు పడి ఉన్న చన్నులు పాలతో నిండి నిగనిగలాడాయి. అప్పుడు పిండడం మొదలుపెట్టింది. "తొందరపెడితే ఇవ్వదమ్మా, దానికీ మనసుంటుంది కదా" అంది. ఆవిడ పద్ధతిలో మార్చాల్సింది నాకేమీ కనబడలేదు.

రోజూ ఇంజక్షన్ వేస్తూ పోతే సహజంగా చేపడం తగ్గుతుంది, చివరికి సూది లేనిదే పాలు రాని స్థితి వస్తుంది. అంటే ఆ అపోహను మనమే నిజం చేసుకుంటున్నామన్నమాట. పాలు రాబట్టడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజక్షన్ ఇవ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా. దూడ చచ్చిపోయిన గేదె అయితే నిజంగానే కష్టం, కాదనను. అప్పుడు ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే వరసలో పని చేయాలి: ముందు దాణా, తరవాత కడగడం, తరవాత పిండడం. కొన్నాళ్లకు దాణా బకెట్టు చప్పుడుకే చేపడం మొదలెడుతుంది.

అపోహ: ఈనాక మాయ (మావి) పడేదాకా దూడకు ముర్రుపాలు తాగించకూడదు.

దయచేసి ఈ మాట వదిలేయండి. ముర్రుపాలలోని రక్షక పదార్థాలను దూడ పేగులు పీల్చుకోగలిగేది పుట్టిన మొదటి రోజే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లోనే బాగా పీల్చుకుంటాయి. మాయ కోసం ఆగితే ఆ సమయం చేజారిపోతుంది. పైగా దూడ చీకితే విడుదలయ్యే ఆక్సిటోసిన్ గర్భసంచిని కూడా ముడుచుకునేలా చేస్తుంది, మాయ పడడానికి అదే సాయం.

అపోహ: దెబ్బకు భయపడితేనే పశువు మాట వింటుంది.

ఒంగోలు గిత్త ముందు నిలబడితే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది, చేతిలో కర్ర ఉంటే ధైర్యంగా ఉంటుందనిపించడం సహజమే. కానీ గిత్త కదలనప్పుడు ముందు చూడాల్సింది అది ఏం చూస్తోందని. పశువుకు రెండు పక్కలా చాలా దూరం వెనక దాకా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక మాత్రం ఏమీ కనబడదు. అక్కణ్ణుంచి హఠాత్తుగా చెయ్యి వేస్తే తన్నకేం చేస్తుంది? నేల మీద పడిన నీడ, నీళ్ల గుంట, వేలాడే గొలుసు, మెరిసే రేకు, ఇలాంటివి చూసి ఆగిపోతుంది. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే పశుశాస్త్రవేత్త పశువులను తోలే దారుల్లో వాటితోపాటు నడిచి, వాటి కళ్ల ఎత్తు నుంచి చూసి ఈ అడ్డంకులను ఒక్కొక్కటిగా పట్టుకుంది. తాటాకు పందిరి సందుల్లోంచి పడే వెలుగు చారల దగ్గర మన గేదెలు మొరాయించడం నేనూ చూశాను. పందిరి మీద నాలుగు ఆకులు సర్దితే దాటిపోయాయి, దెబ్బతో పని పడలేదు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. పశువు భుజం దగ్గర ఒక గీత ఉందనుకోండి. మీరు ఆ గీతకు వెనకనుంచి దగ్గరికి వస్తే ముందుకు నడుస్తుంది, ముందునుంచి వస్తే వెనక్కి తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే లారీ ఎక్కించేటప్పుడు సగం గొడవ తగ్గుతుంది. ఇక మేకులు దిగేసిన కర్ర వాడడం 1965 నాటి బండిపశువుల నియమాల ప్రకారమే నిషిద్ధం. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండికి కట్టకూడదని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. మే నెల గుంటూరులో దాని అర్థమేమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

(ఎర్ర గుడ్డ చూస్తే ఎద్దు రెచ్చిపోతుందన్నది ఉత్త మాట. పశువులకు ఎరుపు మనలా కనబడదు. రెచ్చగొట్టేది గుడ్డ ఊపడమే.)

అపోహ: అస్తమానం పడుకునే పశువు బద్ధకపుది.

ఆవు రోజులో 10 నుంచి 12 గంటలు పడుకోవాలనుకుంటుంది. డెన్మార్క్‌లో మేతకూ పడకకూ రెండిటికీ సమయం తగ్గించి చూస్తే, ఆవులు తినే సమయాన్ని వదులుకుని పడుకోవడానికే మొగ్గుచూపాయి. పడుకున్నప్పుడు పొదుగుకు రక్తం ఎక్కువగా అందుతుంది, గిట్టలకు విశ్రాంతి దొరుకుతుంది. విజయవాడ చుట్టుపక్కల ఇరుకు షెడ్లలో నన్ను బాధపెట్టేది నిలబడే ఉన్న పశువులే. కింద తడి కాంక్రీటు, మెడకు పొట్టి పలుపు. ఎలా పడుకుంటాయి? మీ పాకలో నేల బాగుందో లేదో తెలుసుకోవాలంటే ఒకసారి అక్కడ మోకాళ్ల మీద కూలబడి చూడండి. మోకాలు నొప్పి పుట్టినా, బట్ట తడిసినా ఆ నేల మీ గేదెకూ పనికిరాదు. రబ్బరు చాప, మందంగా ఊక లేదా ఎండుగడ్డి వేసి, పలుపు ఒక మూర వదిలితే చాలా మారుతుంది.

అపోహ: అరవడం లేదు కాబట్టి నొప్పి లేదు.

వేటాడే జంతువులకు దొరకకుండా బతికిన జాతులివి, నొప్పిని బయటపెట్టవు. చెవులు వెనక్కి బిగించడం, చూపు ఒకే చోట నిలిచిపోవడం, ముట్టె దగ్గర కండరాలు బిగుసుకోవడం, నడిచేటప్పుడు వీపు విల్లులా వంగడం, నెమరు తగ్గడం, ఇవి నొప్పి గుర్తులు. ఇవాళ మేత ముట్టలేదని ఫోన్ చేసేవాళ్లు నిన్న చెవులు చూసి ఉంటే ఒక రోజు ముందే చికిత్స మొదలయ్యేది.

అపోహ: కోడికి మేత, నీళ్లు ఉంటే చాలు.

హనుమాన్ జంక్షన్, నూజివీడు వైపు లేయర్ ఫారాల్లో ఈ మాట వింటుంటాను. గుడ్డు పెట్టే ముందు పెట్ట పంజరంలో అటూ ఇటూ ఎంత అశాంతిగా తిరుగుతుందో ఒక గంట కూర్చుని చూస్తే తెలుస్తుంది. గూడు వెతుక్కుంటోందది. గూటికి అడ్డంగా బరువైన తలుపు పెట్టి పరీక్షిస్తే, ఆకలితో ఉన్న కోడి మేత కోసం తోసినంత గట్టిగా ఈ పెట్ట గూటి కోసం తోసింది.

అలాగని మనకు తోచిందే కోడికి సుఖమనుకోవడమూ తప్పే. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ పంజరాల నేలకు సన్నని తీగ వల వద్దు, మందపాటి తీగే పాదాలకు మంచిదని సిఫారసు చేసింది. 1973లో హ్యూస్, బ్లాక్ అనే ఇద్దరు రెండు రకాల నేలలూ పెట్టి కోళ్లకే వదిలేస్తే అవి సన్న వలనే ఎంచుకున్నాయి. అందులో పాదానికి ఎక్కువ చోట్ల ఆనిక దొరుకుతుంది. అంత పెద్ద నిపుణుల అంచనా కూడా కోడి ఎంపిక ముందు నిలవలేదు. నా రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో గూడు, కూర్చునే కర్ర లాంటివేవీ లేని బోడి పంజరాలు 2012 నుంచి నిషిద్ధం. మేత ధర, గుడ్డు ధర మధ్య నలిగే మన రైతును ఒక్క రోజులో మారమనడం నా ఉద్దేశం కాదు. కొత్త షెడ్డు కట్టేవాళ్లయినా గూడు, కూర్చునే కర్ర, మట్టిలో పొర్లే చోటు ఉండేలా చూడాలని గట్టిగా కోరుకుంటాను.

అపోహ: విదేశీ పరిశోధనలన్నీ మనకూ వర్తిస్తాయి.

ఇది ఎక్కువగా చదువుకున్నవాళ్లు నమ్మేది. చలిదేశాల్లో హోల్‌స్టీన్ ఆవుల మీద తేలిన లెక్కలు మన ముర్రా గేదెకు అలాగే అతకవు. గేదెకు నల్లటి చర్మం, చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. చెరువులో, బురదలో పడుకోవడం దానికి అవసరం, షోకు కాదు. వేసవిలో మూగ ఎద (గుర్తులు బయటికి కనబడని ఎద) ఎక్కువ. ఎద లక్షణాలు రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి పగలు మాత్రమే చూసి "ఎదకు రావడం లేదు" అనేయకండి.

చెరువు లేని ఊళ్లో ఉన్నవాళ్లు ఎండలు ముదిరాక పదకొండు గంటలకు ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి ఒళ్లంతా తడిచేలా నీళ్లు కొట్టి ఫ్యాను వేయండి. గాలి ఆడకుండా నీళ్లు మాత్రమే కొడితే ఉక్క పెరుగుతుంది. తాగే నీళ్ల తొట్టి నీడలో పెట్టండి. గేదె నోరు తెరిచి, నాలుక బయటపెట్టి ఎగపోస్తుంటే మాత్రం సాయంత్రం దాకా ఆగకండి. నీడకు మార్చి, తడుపుతూనే మీ పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి.